తీరాన తెరుచుకొనే తలుపు

తెలుగు కవికి గాని ఉర్దూ కవికి గాని ఒడ్డు అనేది ఎప్పుడూ క్షేమస్థానమే. మనం 'దరి చేరుట' అన్నా, వారు 'సాహిల్' అన్నా, అక్కడితో కష్టం గట్టెక్కినట్లే లెక్క. సుడిగుండం, నడిసముద్రం, చుక్కాని విరిగిన నావ, ఇవన్నీ ఆపదకు గుర్తులు. తీరం ఊరటకు గుర్తు. రెండు భాషలవారూ ఒకే వరండాలో తిరుగాడే మన కళాశాలలో ఈ పోలికను ఏ తరగతిలో చెప్పినా విద్యార్థులకు వెంటనే అందుతుంది. అయితే సముద్రం మీద బ్రతికేవారి అనుభవం దీనికి భిన్నమైనది. నడిసముద్రంలో ఓడకు భయం తక్కువ. నేల దగ్గరపడుతున్న కొద్దీ భయం హెచ్చుతుంది. ఓడ నడిపేవానికి తన ఓడను నేలకు తగిలించడం కంటె పెద్ద అపకీర్తి లేదు. అట్టిది, కావాలని నేలకు తగిలించడం కోసమే నిర్మించిన పడవలు కొన్ని ఉన్నవి. వాటిని ల్యాండింగ్ క్రాఫ్టులు అంటారు. రేవు లేని చోట, శత్రువు కాచుకొని ఉన్న తీరాన, సైనికులను దింపి వెనుదిరగడం వాటి పని. వాటి విషయంలో మాత్రం కవుల లెక్క తలక్రిందులైనది. ఆపద అంతా ఒడ్డునే ఉన్నది.

తెలుగు బోధించే నాకు ఈ పడవలతో పని ఏమిటని సంపాదకవర్గం వారు అడుగవచ్చు. కిందటి సంవత్సరం ద్వితీయ సంవత్సరం తరగతిలో ఒక విద్యార్థి, పాఠానికి ఏమాత్రం సంబంధం లేకుండా, లేచి నిలబడి ఒక ప్రశ్న వేశాడు. 1998లో వచ్చిన 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' అనే ఆంగ్ల చిత్రాన్ని అతడు ముందురోజు రాత్రి చేతిఫోనులో చూశాడట. "సార్, పడవ తలుపు ముందుకు పడగానే ముందు వరసలోని వాళ్ళంతా తూటాలు తగిలి చచ్చిపోతారు సార్. ఆ తలుపేదో వెనకవైపు పెడితే పోయేదానికి, ముందెందుకు పెట్టారు సార్?" అన్నాడు. తరగతి గొల్లున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చరిత్ర అధ్యాపకుని అడగవయ్యా అని పంపివేయదగిన ప్రశ్న కాదది. ఒక వస్తువు ఆకారంలో ఎవరి ప్రాణానికి ఎంత వెల కట్టబడినదో అతడు చూశాడు, చూసి ఊరకుండలేకపోయాడు. ఆ వేసవి సెలవులన్నీ నేను ఈ పడవల చరిత్రతోనే గడిపాను. దొరికినది మన విద్యార్థుల ముందు ఉంచుతున్నాను.

మొదట, ఒడ్డు అంటే ఎందుకు భయమో చెప్పాలి. విశాఖలో ఎం.ఏ. చదివే రోజుల్లో సాయంకాలాలు తీరాన కూర్చొని తెప్పలు రావడం చూసేవాణ్ణి. లోతైన నీటిలో గుండ్రంగా మెల్లగా నడిచే అల, నేల తగిలేసరికి కాళ్ళు తట్టుకొన్నట్లు ముందుకు విరుచుకొని పడుతుంది. ఆ విరిగే చోట పడవ ఏమాత్రం అడ్డం తిరిగినా బోల్తా పడుతుంది. అందుకే పల్లెకారులు అలల వరుసను లెక్కబెట్టుకొని, ఒక పెద్ద అల వీపు మీద ఎక్కి, అది విరిగే లోపల ఇసుకను అందుకొంటారు. మన కోరమాండల్ తీరంలో పూర్వం సరైన రేవులు లేవు. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకొంటే, మనుషులనూ సరుకులనూ ఒడ్డుకు చేర్చినవి మసులా పడవలు. ఆ పేరు మచిలీపట్నాన్ని గుర్తుకు తెస్తుంది. పలకలను మేకులతో కొట్టకుండా కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టడం వల్ల, నేల తగిలినప్పుడు ఆ పడవ పగలక వంగేది. మద్రాసులో రేవు కట్టేవరకు దొరలు, దొరసానులు, తుపాకీ పట్టిన సిపాయిలు అందరూ ప్రాణాలరచేత పెట్టుకొని ఆ కుట్టుపడవలలోనే దిగారు. అలను దాటి ఒడ్డు ఎక్కే పడవ ఎట్లుండవలెనో చదువురాని మన వడ్రంగులు ఏనాడో తేల్చుకొన్నారన్నమాట. అయితే వారి ఒడ్డున మరఫిరంగి లేదు.

మరఫిరంగి ఉన్న ఒడ్డు ఎట్లా ఉంటుందో 1915 ఏప్రిల్ 25న గల్లిపోలిలో తెలిసినది. అక్కడ బ్రిటిష్ వారు వి బీచ్ అని పేరుపెట్టుకొన్న చిన్న అర్ధచంద్రాకారపు తీరం ఉన్నది. దాని పక్కనున్న కోట, గ్రామం పేరు సెద్దుల్‌బహిర్. ఉర్దూ విద్యార్థులు ఈ పేరును వెంటనే విప్పగలరు: సద్ అంటే అడ్డుకట్ట, బహర్ అంటే సముద్రం. ఆనాడు ఆ పేరు అక్షరాలా సార్థకమైనది. ఐర్లండు సైనికులను మరపడవలు లాగుకొని వచ్చిన మామూలు తెడ్ల పడవలలో దింపారు. వారి వెనుక రివర్ క్లైడ్ అనే పాత బొగ్గు ఓడలో సుమారు 2,000 మందిని దాచి, ఆ ఓడను తెచ్చి నేలకు కొట్టించారు. ఓడ పక్కగోడలలో దిగడానికి ద్వారాలు కోశారు. ఓడ అనుకొన్నదానికంటె దూరాన ఆగిపోయినది. మధ్యలోని నీటిమీద బల్లపడవలను వంతెనగా నిలపడానికి కమాండర్ ఎడ్వర్డ్ అన్విన్ తానే నీటిలోకి దూకి తాడు పట్టుకొని నిలబడవలసి వచ్చింది. ద్వారాలలో నుంచి బయటికి వచ్చినవారు వచ్చినట్లే కూలిపోయారు. పైన విమానంలో తిరిగిన శాంసన్, తీరం నుంచి 50 గజాల మేర సముద్రం ఎర్రబడి ఉండడం చూశానని చెప్పాడు. ఎదుట కందకాలలో ఉన్నది కొద్దిపాటి తుర్కీ సిపాయిలు. వారూ తమ నేల మీద నిలబడినవారే. ఈ కథలో వారి పక్షాన ఆలోచించడం మరువరాదు.

అదే యుద్ధంలో, అదే తీరాన, మూడు నెలల తరువాత ఒక కొత్తరకం పడవ కనబడినది. 1915 ఆగస్టులో సువ్లా వద్ద 500 మందిని మోయగల ఇనుప మరపడవలు వచ్చాయి. నల్లరంగు ఒంటికి ముందు రెండు కొమ్ములు, వాటికి వేలాడే వాలుబల్ల ఉండడం చేత సైనికులు వాటిని బీటిల్సు, అనగా పేడపురుగులు, అని పిలిచేవారు. ముందు నుంచి దింపుకొనే వాలుబల్ల ఆలోచన అప్పటికే పుట్టినదన్నమాట. కాని యుద్ధం ముగియగానే అందరూ దానిని మరిచారు. గల్లిపోలి పరాజయం చూసిన చాలామంది సైనిక పండితులు ఇక శత్రుతీరాన సేనలను దింపడం జరగని పని అని తీర్పు చెప్పి పుస్తకం మూసివేశారు.

పుస్తకం మూయనివారు జపాన్ దేశీయులు. ద్వీపవాసులు కనుక వారు ఎక్కడికి దండెత్తినా ఓడ దిగక తప్పదు. వారి పదాతిసేనకు చెందిన ఇంజనీర్లు, నౌకాదళంవారు కాదు, 'దైహత్సు' అనే పడవను తయారుచేశారు. సుమారు 48 అడుగుల పొడవు. 70 మంది పడతారు. ముందుభాగం మొత్తం కిందికి వాలే తలుపు. 1937లో షాంఘై యుద్ధంలో, యాంగ్‌ట్సీ నది ముఖద్వారం దగ్గర, ఈ పడవలు పనిచేయడాన్ని విక్టర్ క్రూలాక్ అనే అమెరికన్ మెరీన్ లెఫ్టినెంటు దూరదర్శక కటకంతో ఫోటోలు తీసి, నివేదిక రాసి వాషింగ్టన్‌కు పంపాడు. రెండేళ్ళ తరువాత అతడే వెళ్ళి వెదికితే ఆ నివేదిక ఒక బీరువాలో దొరికింది. చైనాలో ఉన్న ఎవరో పిచ్చివాడు పంపినదని దాని అంచున ఒక అధికారి రాసిపెట్టి ఉన్నాడు. దస్త్రాల అంచున రాసే రాతలు ఏ దేశంలోనైనా ఇంతే కాబోలు. క్రూలాక్ విసుగు చెందక చెక్కతో ఒక చిన్న నమూనా చేసి, తన జనరల్ హాలండ్ స్మిత్‌కు చూపించాడు. ఆ విధంగా ఆ తలుపు వార్త న్యూ ఆర్లియన్స్‌లోని ఆండ్రూ హిగ్గిన్స్ వద్దకు చేరినది.

హిగ్గిన్స్ కలప వ్యాపారి. లూసియానా బురదనేలల్లో తిరిగే వేటగాళ్ళకూ, చమురు కోసం నేల తవ్వేవారికీ లోతులేని నీటిలో నడిచే పడవలు కట్టి అమ్మేవాడు. మొద్దులూ, వేళ్ళూ, ఇసుకదిబ్బలూ అడుగున తగిలినా వాటిపైన ఎక్కి దాటిపోవలెను, ఒడ్డుకు కొట్టుకొని, వెనుకకు లాగుకొని రావలెను, ప్రొపెల్లరు చెడరాదు. అందుకోసం ముందుకొనన దిట్టమైన పైన్ దూలం అమర్చాడు. ప్రొపెల్లరును పడవ అడుగున తొలిచిన అర్ధసొరంగం వంటి గాడిలో దాచాడు. యుద్ధానికి కావలసినది సరిగా ఇదేనని కొంతకాలానికి గాని నౌకాదళం వారికి తోచలేదు. వారికి తమ ఇంజనీర్లు గీసిన బొమ్మల మీదనే మక్కువ. అయితే హిగ్గిన్స్ మొదటి పడవలకు తలుపు లేదు. వీపున పెద్ద మూట, చేత తుపాకీతో సైనికుడు పక్కగోడ మీదికి ఎక్కి నీటిలోకి దూకవలసి ఉండేది. గోడ మీద నిలిచిన ఆ క్షణంలో అతని శరీరమంతా శత్రువుకు గురి. జపాన్ పడవ ఫోటోలు చూసిన తరువాత 1941 మే నెలలో పాంచర్‌ట్రెయిన్ సరస్సు మీద తలుపు పెట్టిన పడవను పరీక్షించారు. అదే కొద్ది మార్పులతో ఎల్.సి.వి.పి. అయినది. లోకం దానిని హిగ్గిన్స్ బోటు అన్నది.

36 అడుగుల 3 అంగుళాల పొడవు, 10 అడుగుల 10 అంగుళాల వెడల్పు. 36 మంది సైనికులు, లేదా ఒక జీపు, పన్నెండుమంది మనుషులు. నడపడానికి నలుగురు. నీటిలో మునిగే లోతు వెనుక 3 అడుగులు, ముందు 2 అడుగుల చిల్లర. దానిని ప్లైవుడ్‌తో కట్టారు. మా నాన్నగారు కలప అడితిలో గుమాస్తాగా జీవితం గడిపినవారు. ప్లైవుడ్ పేరెత్తితే, అది బీరువా వెనుక చెక్కకు తప్ప దేనికీ పనికిరాదని తీర్పు చెప్పేవారు. ఈ పడవ సంగతి ఆయనకు చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడక, "అయితే తూటా ఆగదు కదా" అన్నారు. ఆగదు. పక్కగోడలలో నుంచి తూటా సునాయాసంగా దూసుకొనిపోతుంది. ఆ పడవలో ఉక్కుతో చేసిన ముఖ్యభాగం ముందు తలుపు ఒక్కటే. కనుక తలుపు మూసి ఉన్నంతవరకే ఎదుటి తూటాకు అడ్డు. గమ్యం చేరగానే, అనగా శత్రువు అతిసమీపంలో ఉన్నప్పుడు, ఆ అడ్డును తామే దించుకొనవలెను. మా విద్యార్థి కనిపెట్టినది దీనినే.

ఇక వెనుక తలుపు ఎందుకు కాదో చూద్దాము. మన తీరంలో పడవ ముందుకొనను అణియమనీ, వెనుకకొనను అమరమనీ అంటారు. అమరంలో చుక్కాని, దాని దగ్గర ప్రొపెల్లరు. అక్కడ తలుపు పెట్టడానికి చోటు లేదు. ఒకవేళ చోటు చేసినా, నేల వాలుగా ఉంటుంది కనుక, అణియం ఇసుకను తాకినప్పుడు అమరం క్రింద నీరు ఇంకా లోతుగానే ఉంటుంది. వెనుక నుంచి దిగినవాడు ఆ లోతులో దిగి, పడవ పొడవంతా నీటిలో నడిచి ముందుకు రావలెను. పోనీ, పడవనే తిప్పి వెనుకకొనను ఒడ్డుకు పెట్టవచ్చును గదా అంటే, విరిగే అలలో అడ్డం తిరిగిన పడవ గతి పైన చెప్పాను. పైగా ప్రొపెల్లరు ఇసుకలో కూరుకొనిపోతే ఆ పడవ మరి కదలదు. రెండవ విడత మనుషులను తెచ్చేవారుండరు. ముందు తలుపు పడవ మూడు నాలుగు నిమిషాలలో అందరినీ దించి, తలుపు ఎత్తుకొని, వెనక్కు పోగలదు. నా చిన్నతనంలో కృష్ణ మీద బల్లకట్టు ఎక్కి ఏరు దాటినప్పుడు, ఎడ్లబండ్లు విప్పకుండా ఒక కొసన ఎక్కి మరొక కొసన దిగిపోవడం చూసి ఆశ్చర్యపడేవాణ్ణి. ఈ తలుపు చేసినదీ ఆ పనే. జీపు నీటిలోకి దూకలేదు గదా.

చిత్రంలో చూపిన దాని గురించి ఒక మాట. 1944 జూన్ 6న నార్మండీలోని ఒమాహా తీరాన, ఆ చిత్రంలో కనబడే భాగంలో ముందుగా దిగిన అమెరికన్ సైనికులు నిజానికి హిగ్గిన్స్ బోట్లలో రాలేదు. ఎల్.సి.ఏ. అనే బ్రిటిష్ పడవలలో వచ్చారు. అవి వేరొక ఆలోచనతో పుట్టినవి. పక్కలకు తూటా ఆపే పలకలు, వరుసగా బల్లలు, పక్కవారి తలలపై కొంత కప్పు, వాలుబల్ల వెనుక మరొక జత ఉక్కు తలుపులు. బ్రిటిష్ వారు తోవలో రక్షణ కోరుకొన్నారు. అమెరికా వారు దిగేటప్పుడు వేగం కోరుకొన్నారు. ఏ పడవలో వచ్చినా ఆ ఉదయం ఒమాహా తీరాన తలుపు తీసిన వెంటనే జరిగినది ఒక్కటే. అంతకు ముందు గంటల తరబడి అలల మీద ఊగి, తిన్నదంతా కక్కుకొని, తడిసి వణుకుతూ వచ్చినవారు వారు. అడుగు చదునుగా ఉన్న పడవ లోతులేని నీటిలో నడుస్తుంది గాని, లోతు నీటిలో బుట్టవలె ఊగుతుంది. ఒడ్డున మేలు చేసిన ఆకారమే సముద్రంలో కీడు చేసినది.

ఇంతకంటె నన్ను కలచివేసినది తరావా కథ. పసిఫిక్ మహాసముద్రంలో, నేడు కిరిబాటి దేశంగా ఉన్న దీవులలో, తరావా ఒక పగడపు వలయం. అందులో బేషియో అనే దీవి పొడవు సుమారు రెండు మైళ్ళు. వెడల్పు అర మైలు లోపు. మన ఊరి చెరువుగట్టు మీద ఒక చుట్టు తిరిగి వచ్చినంత దూరం. దానిచుట్టూ నీటి అడుగున పగడపు దిబ్బ అరుగువలె పరుచుకొని ఉన్నది. ఆ అరుగు మీద నీరు నాలుగైదు అడుగులు ఉంటే హిగ్గిన్స్ బోట్లు దాటుతాయి. మూడడుగులు ఉంటే దాటవు. లెక్క అంతే. 1943 నవంబరు 20న దండయాత్ర. పోటు వస్తుంది, నీరు లేస్తుంది అని అధికారులు భావించారు. ఆ దీవులలో ఏళ్ళ తరబడి కాపురమున్న ఫ్రాంక్ హాలండ్ అనే మేజరు, ఆ రోజుల్లో అక్కడ పోటు నమ్మదగినది కాదని మొత్తుకొన్నాడు. అతని మాట చెల్లలేదు.

చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కపెట్టుకొనే ఇంట పుట్టినవాణ్ణి గనుక ఈ సంగతి నాకు మరీ దగ్గరగా తోస్తుంది. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ, అష్టమి నాళ్ళలో తక్కువ అని మన తీరపు పల్లెకారులలో ఎవరిని అడిగినా చెబుతారు. 1943 నవంబరు 20 ఇంచుమించు కృష్ణపక్షపు అష్టమి. అంతటితో ఆగలేదు. చంద్రుడు భూమికి మిక్కిలి దూరంగా ఉండే రోజు కూడా అప్పుడే పడినది. రెండూ కలిసి సముద్రం లేవలేదు, దిగనూ లేదు. డొనాల్డ్ ఓల్సన్ అనే ఆచార్యుడు 1987లో ఆనాటి చంద్రగతిని లెక్కకట్టి ఈ విషయం నిరూపించేవరకు, అక్కడ నీరు ఎందుకు లేవలేదో ఎవరూ సరిగా వివరించలేకపోయారు.

పగడపు దిబ్బ అంచున హిగ్గిన్స్ బోట్లు ఆగిపోయాయి. ఒడ్డు ఇంకా 500 గజాలకు పైగా ఉన్నది. సరంగులు అక్కడే తలుపులు దించారు. మెరీన్లు తుపాకులు తలపైకి ఎత్తి పట్టుకొని, రొమ్ములోతు నీటిలో, దాగడానికి గడ్డిపోచ కూడా లేని చోట, ఎదురుగా మరఫిరంగులు కాలుస్తూ ఉండగా నడిచారు. కొందరు అడుగున గుంటలలో మునిగి మూటల బరువుకు పైకి తేలలేదు. 76 గంటల పోరాటంలో వెయ్యిమందికి పైగా అమెరికన్లు మరణించారు. దీవిని కాచిన జపాన్ వారు, వారితో ఉన్న కొరియా కూలీలు కలిసి సుమారు 4,700 మంది చనిపోయారు. సజీవంగా చిక్కిన జపాన్ సైనికులు 17 మంది, కొరియా కూలీలు 129 మంది. ఆ కూలీలది ఎవరి యుద్ధం? వారు ఏ పడవా ఎక్కి తమంతట తాము అక్కడికి వచ్చినవారు కారు.

ఆ రోజున దిబ్బ దాటగలిగినవి ఎల్.వి.టి. అనే గొలుసుచక్రాల బండ్లు. నీటిలో పడవవలె తేలి, నేల తగలగానే టాంకువలె పాకుతాయి. అటువంటివి 125 మాత్రమే ఉన్నవి. సుమారు 90 నాశనమైనవి. వీటి పుట్టుక వింతైనది. బ్రూక్లిన్ వంతెన కట్టిన వాషింగ్టన్ రోబ్లింగ్ మనుమడు డొనాల్డ్ రోబ్లింగ్, ఫ్లోరిడాలో తుపానులు వచ్చినప్పుడు చిత్తడినేలల్లో చిక్కుకొన్నవారిని కాపాడడానికని, 1935 ప్రాంతంలో ఈ బండిని తయారుచేసి 'ఆలిగేటర్' అని పేరుపెట్టాడు. తుపాను కష్టం తెలిసిన మనకు ఆ ఉద్దేశం వివరించనక్కరలేదు. తరావాలో దిగినవాటికి తలుపు లేదు. గోడ ఎక్కి దూకడమే. ఆ తరువాత వచ్చిన నాలుగవ రకం ఎల్.వి.టి.లో ఇంజనును ముందుకు జరిపి, వెనుకవైపు వాలుతలుపు పెట్టారు. 1944 జూన్‌లో సైపాన్ దీవిలో అది మొదటిసారి దిగినది. అంటే మా విద్యార్థి అడిగిన వెనుక తలుపు నిజంగా వచ్చింది. నేల ఎక్కి నడిచే బండికి అది సాధ్యం, నీటి అంచున ఆగే పడవకు కాదు. అయితే ఆ బండి మోతలో, బరువులో, ఖర్చులో పడవకు సాటి రాదు. హిగ్గిన్స్ రకం పడవలు 23,000కు పైగా తయారైనవి. అంత విరివిగా చేయాలంటే ప్లైవుడే శరణ్యం.

టాంకులను దింపే పెద్ద ఓడ ఎల్.ఎస్.టి. విషయం రెండు మాటలలో చెబుతాను. లెక్క ఇష్టపడేవారికి అందులో ఒక అందం ఉన్నది. 1941 నవంబరులో జాన్ నీడర్మేయర్ అనే నౌకాశిల్పి దాని మొదటి చిత్తు కొద్ది గంటలలో గీశాడట. సముద్రం దాటేటప్పుడు తొట్లలో నీరు నింపుకొని లోతుగా మునుగుతుంది. ఒడ్డు దగ్గర ఆ నీరు తోడివేసి పైకి తేలుతుంది. పొడవు 328 అడుగులు. ఒడ్డు తగిలేటప్పుడు ముందు 3 అడుగుల 1 అంగుళం, వెనుక 9 అడుగుల 6 అంగుళాలు మునుగుతుంది. తేడా సుమారు ఆరున్నర అడుగులు. 328ని 50తో భాగించి చూడండి. 50 అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న తీరానికి అతికినట్లు అడుగుభాగం చెక్కారన్నమాట. వెయ్యికి పైగా కట్టారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో, సముద్రానికి ఎంతో దూరాన, మొక్కజొన్నచేల మధ్య ఉన్న సెనెకా అనే చిన్న ఊళ్ళో 157 తయారై, నది వెంట సముద్రానికి దిగినవి.

లెక్కలో ఊహించిన వాలు నేల మీద లేకపోతే ఏమవుతుందో మన సేనలూ చవిచూసినవి. 1945 సెప్టెంబరు 9న భారత సేనలు మలయాలోని మోరిబ్ తీరాన దిగినప్పుడు జపాన్ అప్పటికే లొంగిపోయినది. అయినా వాహనాలు ఎన్నో మెత్తని బురదలో కూరుకొనిపోయినవి. ఎదిరించేవారుంటే ఆనాడు ఏమయ్యేదో తలచుకొంటే భయమేస్తుంది. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధం ముగియవస్తున్న వేళ, కాక్స్‌బజార్ వద్ద మన నౌకాదళపు ఘరియాల్, గుల్దార్ అనే ఓడలు గూర్ఖా సైనికులను దింపడానికి వెళ్ళాయి. ఒడ్డుకు ఇవతలనే ఇసుకమేట తగిలింది. ఆ ఇసుకమేటకూ తీరానికీ మధ్య నీరు లోతు. కొండలలో పుట్టిపెరిగిన ఆ జవాన్లలో మొదట దిగినవారు కొందరు మునిగి ప్రాణాలు విడిచారు. అక్కడ కాల్పులు లేవు. చివరకు స్థానికుల పడవల సాయంతో మిగిలినవారిని ఒడ్డుకు చేర్చవలసి వచ్చినది. ఆ నీటి లోతు ఎంతో ఆ పడవలవారికి తెలియనిది కాదు. తరావాలో మేజర్ హాలండ్ మాట వలెనే, అడిగి ఉంటే చెప్పేవారు. అదే ఘరియాల్ పేరు పెట్టుకొన్న మరొక దిగుడు ఓడ మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో రూపుదిద్దుకొని 1997లో నౌకాదళంలో చేరినది.

యుద్ధ గ్రంథాలలో సేనానుల పేర్లు ఉంటవి, దిగి పోరాడినవారి దళాల పేర్లు ఉంటవి. సరంగుల పేర్లు అరుదు. వారు చాలామంది పద్దెనిమిది, ఇరువది ఏండ్లవారు. అనగా మన డిగ్రీ విద్యార్థుల ఈడువారు. పడవ వెనుక నిలువెత్తున నిలబడి చుక్కాని పట్టుకోవలెను. తలుపు దించుమని చెప్పవలసినది వారే. దించిన తరువాత జరిగేది కళ్ళారా చూసి, తలుపు ఎత్తి, గాయపడినవారిని వేసుకొని ఓడ దగ్గరకు పోయి, మళ్ళీ 36 మందిని ఎక్కించుకొని అదే చోటికి రావలెను. దిగినవానికి ఒకసారి దిగడమే. సరంగుకు ఆ రోజంతా అదే తోవ.

ఆ పడవలలో మిగిలినవి బహు కొద్ది. ప్లైవుడ్ నీటికి పొరలు విడిపోయి చివికిపోయింది. మా నాన్నగారి తీర్పు ఆ మేరకు నిజమే. 1990ల చివర న్యూ ఆర్లియన్స్‌లో ప్రదర్శనశాల కోసం ఒక పడవ కావలసివస్తే, పాత నమూనా చిత్రాలను బట్టి కొత్తది కట్టుకొన్నారు. కట్టినవారిలో యుద్ధంలో పనిచేసిన వృద్ధులున్నారు. హిగ్గిన్స్ కర్మాగారంలో పడుచుతనంలో కూలి చేసినవారున్నారు. ఆ కర్మాగారంలో నల్లవారికీ తెల్లవారికీ, ఆడవారికీ మగవారికీ ఒకే పనికి ఒకే కూలి ఇచ్చేవారట. ఆ కాలపు అమెరికా దక్షిణ రాష్ట్రాలలో అది చిన్న సంగతి కాదు. యాభై ఏళ్ళ తరువాత ఆ ముసలి చేతులు మళ్ళీ పలకలు బిగించి, ముందు తలుపును గొలుసులకు తగిలించి, ఆ పడవను నీటిలోకి దించి నడిపి చూశాయి.